కుట్రలోని బహువచనం, ఆత్మకథలోని ఏకవచనం: గోపాల్ గాడ్సే రచన – ఒక పరిశీలన

ఆత్మకథ ఉత్తమపురుష ఏకవచనంలో సాగే ప్రక్రియ. కుట్ర ఒక్కరి వల్ల జరిగే నేరం కాదు; 2024 వరకు అమలులో ఉన్న భారత శిక్షాస్మృతి 120-ఎ సెక్షన్ ప్రకారం దానికి కనీసం ఇద్దరి మధ్య ఒప్పందం ఉండవలసి ఉండేది. కుట్రదారుగా శిక్ష పొందిన వ్యక్తి స్వీయకథనానికి పూనుకొన్నప్పుడు ఈ రెండు వచనాల మధ్య ఏర్పడే ఘర్షణను పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఇందుకు గోపాల్ గాడ్సే మరాఠీలో రచించిన 'గాంధీహత్యా ఆణి మీ' ఆధారం. 'గాంధీహత్య, నేను' అని శీర్షికకు అర్థం.

నాథూరామ్ గాడ్సేకు తమ్ముడైన ఈ రచయిత 1948 జనవరి 20న బిర్లా భవనంలో జరిగిన విఫలయత్నంలో భాగస్వామి. హత్య జరిగిన జనవరి 30న మాత్రం ఇతడు ఢిల్లీలో లేడు. అయినను ఎర్రకోటలో విచారణ జరిపిన ప్రత్యేక న్యాయస్థానం 1949 ఫిబ్రవరి 10న ఇతనికి యావజ్జీవ శిక్ష విధించింది. చట్టదృష్టిలో జనవరి 20 నాటి 'మేము' జనవరి 30న కూడా చెక్కుచెదరలేదు.

కథనశాస్త్ర దృష్టితో చూస్తే, శీర్షికలో పేర్కొన్న ప్రధాన ఘటనకు ఈ కథకుడు ప్రత్యక్షసాక్షి కాడు. హత్యను, 'నేను'ను కలుపుతున్నది 'ఆణి' అనే సముచ్చయార్థక అవ్యయం. సముచ్చయం రెండు పదాలను పక్కపక్కన నిలుపుతుంది, కర్తృత్వాన్ని చెప్పదు. క్రియాపదం ఉంటే కర్త ఎవరనే ప్రశ్న తప్పదు. ఆ ప్రశ్నను శీర్షిక దాటవేసింది.

శిక్షాకాలం ప్రస్తావనకు వచ్చేసరికి వచనం మారుతుంది. శిక్ష తగ్గింపు దినాలను కలిపితే తన శిక్ష పూర్తయిందని గోపాల్ గాడ్సే సుప్రీంకోర్టును ఆశ్రయించాడు. రాజమహేంద్రవరానికి చెందిన జస్టిస్ కోకా సుబ్బారావు 1961లో ధర్మాసనం పక్షాన తీర్పు వెలువరిస్తూ, యావజ్జీవ శిక్ష అంటే శేషజీవితమంతా అని, తగ్గింపు ప్రభుత్వ అధికారమని స్పష్టీకరించి ఆ అభ్యర్థనను తిరస్కరించారు. నేరం పలువురిది, దినాల లెక్క ఒక్కరిది. కుట్రదారుల కథనాలను చదివే విమర్శకుడు గమనించవలసిన మలుపు ఇదే. బాధ్యత ఎక్కడ 'మేము'లో కలిసిపోతున్నది, బాధ ఎక్కడ 'నేను'గా విడివడుతున్నది అని ప్రతి ఘట్టంలోను పరిశీలించాలి.

1964లో విడుదలైన తరువాత వెలువడిన ఈ గ్రంథాన్ని, మతవైరాన్ని రెచ్చగొడుతున్నదన్న కారణంతో ప్రభుత్వం జప్తు చేసింది. బొంబాయి హైకోర్టు 1969లో ఆ ఉత్తర్వును కొట్టివేసింది. ఈ నిర్ణయం సమంజసమనే ఈ వ్యాసకర్త అభిప్రాయం. అయితే చదివే హక్కు లభించినంతమాత్రాన చదివినదెల్లా ప్రమాణం కాజాలదు. నిషేధం తొలగిన చోటనే విమర్శకుని పని ఆరంభమవుతుంది.

గాంధీజీ ఆత్మకథ 1921తో ముగిసింది. ఏ ఆత్మకథకుడైనా తన మరణాన్ని తాను రాసుకోలేడు. హతుని కథలోని చివరి అధ్యాయం ఆ విధంగా ఇతరుల వశమవుతుంది. ఆ ఇతరులలో కుట్రదారు ఒకడైనప్పుడు, మాట్లాడలేని వ్యక్తి పక్షాన ప్రశ్నించే బాధ్యత పాఠకునిదే.