జబ్బ కొలిచే చేతులు

అనంతపురం పల్లెల్లో శెనక్కాయలు పీకే రోజుల్లో తల్లులు పొద్దున్నే చేలకు పోతారు. చంటిపిల్లల దిగులు లేకుండా మునుం పడుతున్నారంటే అంగన్‌వాడీ టీచరు మీది నమ్మకంతోనే. ఆమె పనితనం పోషకాహార లోపం కనిపెట్టే టేపు పట్టినప్పుడు చూడాలి. ఆరు నెలలు నిండిన, ఐదేళ్లలోపు బిడ్డ ఎడమ జబ్బను భుజం నుంచి మోచేతి దాకా కొలిచి, నడిమధ్య గుర్తు పెడుతుంది. చేయి వేలాడేయించి, టేపును ఒత్తకుండా, జారనీయకుండా చుడుతుంది. చుట్టుకొలత 12.5 సెంటీమీటర్లు, ఆపైన ఉంటే ఆకుపచ్చ, ఊపిరి పీల్చుకోవచ్చు. 11.5 కంటే తగ్గితే ఎరుపు, వెంటనే ఏఎన్ఎంకు కబురు. ఇదంతా కాకి కథ చెబుతూనే! బిడ్డకు కొలిచారనే తెలియదు. కొత్తగా చేరిన టీచరు పక్కన కూర్చుని ఆ వేళ్లనే చూస్తుంటుంది. శిక్షణలో విన్నది చేతికి పట్టుబడేది ఇక్కడే. ఆనక గుడ్డు, పాలు. చాప మీద గుప్పెడు ఒలవని కాయలు పోసి, ఒకటి, రెండు, మూడు...