రెండు మిల్లీమీటర్ల కిటికీ

ప్రాగ్ నగర మ్యూజియం సేకరణలో ఒక కాగితపు ఊరు ఉంది. కట్టినవాడు అంటోనిన్ లాంగ్‌వైల్. క్లెమెంటినుమ్‌లోని విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో చిన్న ఉద్యోగి. 1826లో ప్రాగ్‌కు ప్రదర్శనకొచ్చిన పారిస్ నమూనా చూసి, మన ఊరిని మాత్రం ఎందుకు చేయకూడదనుకున్నాడు. 1837లో చనిపోయేదాకా అదే పని. పాత పట్టణం, నది అవతల మాలా స్ట్రానా, కోట, యూదుల పేట; దాదాపు 20 చదరపు మీటర్లలో రెండు వేలకు పైగా ఇళ్లు. కొత్త పట్టణం దాకా రాకముందే ఆయుష్షు తీరింది.

నగర నమూనా బాగుంటే మనం "అచ్చం అలాగే ఉంది" అని మెచ్చుకుంటాం. లాంగ్‌వైల్ పనికి ఆ మెప్పు చాలదు. ఎక్కడ అచ్చంగా ఉండాలో, ఎక్కడ ఆగిపోవాలో ఆయనకు తెలుసు. ఆ తెలివే నన్ను కట్టిపడేస్తుంది.

స్కేలు 1:480. అంటే మీటరు వెడల్పు కిటికీ రెండు మిల్లీమీటర్లకు దిగుతుంది. పనివాడికి అసలు చిక్కు ఇక్కడే. కిటికీ కత్తిరించి, చట్రం అతికించి గోడకు లోతు తెద్దామంటే అట్టకూ ఒక మందం ఉంటుందాయె. మిల్లీమీటరు మందం ఈ లెక్కలో అర మీటరు. ద్వారం మీది సన్నని పట్టీని అట్టతో అతికిస్తే అది వీధిలోకి పొడుచుకొచ్చిన అరుగులా కనబడుతుంది. నిజానికి దగ్గరవుదామని పడిన శ్రమే దాన్ని అబద్ధం చేస్తుంది. అందుకే ఆయన ఇంటి ఆకారాన్ని, కప్పు వాలును, వీధి వంపును మాత్రమే అట్టకూ కర్రకూ అప్పగించి, మిగతాదంతా కలానికీ నీటిరంగులకూ వదిలేశాడు. కిటికీలు సిరా గీతలు. ఇంటి నంబర్లు, ఇళ్లకు పేరు తెచ్చిన గుర్తులు, పెచ్చులూడిన గోడలు కూడా అంతే. పగిలిన అద్దాలను సైతం వదల్లేదు! ఊరిని అందంగా చూపాలనే తాపత్రయం ఉంటే ఎవరూ పగిలిన అద్దం గీయరు. ఆకారంలో ఇంత పొదుపు, గీతలో ఇంత ధారాళం ఒకే చేతికి రావడం అరుదు.

దీని పక్కన పనోరమా అనే న్యూయార్క్ నగర నమూనాను పెట్టి చూడాలి. 1964 ప్రపంచ ప్రదర్శన కోసం దాని సారథి రాబర్ట్ మోజెస్ చేయించాడు, ఇప్పుడు క్వీన్స్ మ్యూజియంలో ఉంది. లెస్టర్ అసోసియేట్స్ సంస్థలో వందమందికి పైగా మూడేళ్లు శ్రమించారు. స్కేలు 1:1200, 1992లో సవరించాక లెక్క 8,95,000 కట్టడాలు. ఇన్నింటికి లాంగ్‌వైల్ పద్ధతి కుదరదు. పేరున్న ఆకాశహర్మ్యాలు, పెద్ద చర్చిలు, మ్యూజియాలను విడివిడిగా చెక్కారు. మామూలు ఇళ్లను కొన్ని నిర్ణీత రకాల అచ్చుల్లో పోశారు. మనుషులు లేరు, ఆరడుగుల మనిషిని పెట్టినా మిల్లీమీటరున్నర దాటడు.

ఇది మోసమా? కాదు. ఆనాటి ప్రేక్షకుడిని హెలికాప్టర్‌లో తిప్పినట్టు నమూనా అంచు వెంట తిప్పేవారు. అంత ఎత్తు నుంచి చూసే కంటికి వీధి ఎటు తిరిగిందో, ఇళ్ల బారు ఎక్కడ ఆగి ఎక్కడ పార్కు మొదలైందో ముఖ్యం గాని తలుపు రంగు కాదు. న్యూయార్క్‌వాసి తన వీధిని వెతికి పట్టుకోగలడు. అక్కడ కనబడేది తన ఇల్లు కాకపోవచ్చు, తన ఇంటిలాంటి ఇల్లు. ఆ మేరకు నిజాయితీ ఉంది. లాంగ్‌వైల్ ప్రేక్షకుడు వంగి, ముక్కు ఆనించేంత దగ్గరగా చూస్తాడు కాబట్టి అక్కడ నంబరు కూడా కావాలి. చూసేవాడు ఎంత దూరంలో నిలబడతాడో ముందు తేల్చుకోవడంలోనే సగం పనితనం ఉంది.

మన రియల్ ఎస్టేట్ ఆఫీసుల్లో అద్దాల పెట్టెల్లో మెరిసే నమూనాలకు ఈ తేల్చుకోవడమే ఉండదు. బాల్కనీ రెయిలింగుల దగ్గర నుంచి పార్కింగ్‌లో కార్ల దాకా అన్నీ ఉంటాయి, గోడ అవతలి ఊరు మాత్రం తెల్లటి ఖాళీ. అది వాస్తవికత కాదు, ప్రకటన.

ప్రాగ్, న్యూయార్క్ నమూనాలు రెండింటిలో నా ఓటు లాంగ్‌వైల్‌కే. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ప్రాగ్‌లో యూదుల పేటను చాలావరకు కూలగొట్టారు. కొన్ని ప్రార్థనామందిరాలు, పాత శ్మశానం లాంటివి మిగిలాయి. పోయిన ఇళ్ల ముఖాలు ఈ నమూనాలో ఉన్నాయి. నమూనానంతా ఫోటోలు తీసి 2006–2009 మధ్య డిజిటల్ రూపంలోకి తెచ్చారు. ప్రాగ్ వెళ్లేవారు కోటా వంతెనా చూసి తిరిగొచ్చేయకుండా, దీనికో గంట ఉంచుకోండి. ముందు యూదుల పేట వైపు నిలబడి చూడండి.