ముద్ర మారుతుంది, మిత్తి మారదు

విజిట్ వీసా మీద దుబాయి పోయినవాడికి ఉద్యోగం దొరుకుతుందో లేదో ఎవరూ చెప్పలేరు. దేశం దాటి మళ్లీ రావలసిన రోజు మాత్రం ఒకప్పుడు తప్పకుండా వచ్చేది. వీసా గడువు ముగుస్తుంది, ఉద్యోగం మాట ఇంకా నలుగుతూనే ఉంటుంది. ఒక్కోసారి ఉద్యోగం దొరికినా కంపెనీ వీసా చేతికి రాదు. అప్పుడు దారి ఒకటే ఉండేది. పాస్‌పోర్టులో ఎగ్జిట్ ముద్ర వేయించుకుని దేశం బయట కాలు పెట్టాలి. కొత్త కాగితం రాగానే తిరిగి రావాలి. దేరాలో, సత్వాలో, షార్జా రోలాలో బెడ్‌స్పేస్ గదుల్లో ఉండే మనవాళ్లు దాన్ని ‘చేంజ్‌కు పోవుడు’ అనేవాళ్లు.

ఈ శతాబ్దం మొదటి ఏళ్లలో నేనూ ఆ గదుల్లో ఉన్నాను, చేంజ్‌కు పోయాను. బయటివాళ్లకు అది ఒక చిన్న విమాన ప్రయాణంలా కనిపిస్తుంది. గదిలోని పాత కాపులు మాత్రం దాన్ని ఒక విద్యలాగే నేర్పేవాళ్లు. వారం పడుతుందంటే రెండు వారాలకు సరిపడా దిర్హాములు పెట్టుకో. పాస్‌పోర్టు జిరాక్సులు, ఫొటోలు రెండు చోట్ల దాచు. కౌంటర్ దగ్గర అడిగినదానికే జవాబు చెప్పు, అడగనిది చెప్పకు. రిటర్న్ టికెట్ తేదీ మార్చుకునేలా ఉందో లేదో ముందే చూసుకో. మామిడికాయ తొక్కు డబ్బా మర్చిపోకు. అన్నిటికంటే ముఖ్యం, పని అయ్యేదాకా ఇంటికి ఫోన్ చేసి చెప్పకు.

చివరి సలహా కొత్తవాళ్లకు వింతగా తోచేది. నెల తిరక్కముందే అర్థమైపోయేది. కొడుకు దుబాయిలో ఉన్నాడని ఊళ్లో చెప్పుకుంటున్న తండ్రికి, ఆ కొడుకు ఇప్పుడు ఇరాన్ దీవిలో కాగితం కోసం కూర్చున్నాడని ఎట్లా చెప్పాలి?

ఆ దీవి పేరు కిష్. దుబాయి నుంచి విమానంలో గంట కూడా పట్టదు. ఇండియాకు వచ్చి పోయే ఖర్చుతో పోలిస్తే అప్పట్లో టికెట్ చవక. ఇరాన్ ప్రధాన భూభాగానికి వీసా కావలసి వచ్చేది. కిష్ స్వేచ్ఛా వాణిజ్య మండలి కాబట్టి అక్కడ దిగిన విదేశీయులకు విమానాశ్రయంలోనే 14 రోజులు ఉండేలా ముద్ర వేసేవాళ్లు. వీసా కోసం పోయేవాడికి, ముందు వీసా అడగని చోటు కావాలి. చేంజ్ వ్యాపారమంతా ఆ ఒక్క వెసులుబాటు మీదే నిలబడింది.

దుబాయి టెర్మినల్ 2లో రెక్కల ముందు పంఖాలు తిరిగే ఫాకర్ విమానం ఎక్కేవాళ్లం. ఫిలిప్పీన్స్ ఆడపిల్లలు బ్యాగుల్లోంచి చున్నీలు తీసి తలకు చుట్టుకునేవాళ్లు. అవతల దిగాక అసలు పని మొదలయ్యేది, అంటే ఏ పనీ లేకుండా కూర్చోవడం. కొత్త వీసా ఒరిజినల్‌ను స్పాన్సర్ దుబాయి విమానాశ్రయంలోని కౌంటర్‌లో డిపాజిట్ చేయాలి. దాని కాపీ ఫ్యాక్స్‌లో కిష్‌కు రావాలి. విమానం కంపెనీకి ‘ఓకే టు బోర్డ్’ అని కబురు అందాలి. ఈ మూడింట్లో ఏ ఒక్కటీ మన చేతిలో లేదు. హోటల్ గదిలో అంతస్తుల మంచాలు, కింద రిసెప్షన్‌లో ఫ్యాక్స్ మిషన్. అది కదిలిన ప్రతిసారీ మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించేది.

కిష్ అందమైన చోటే. దాదాపు 90 చదరపు కిలోమీటర్ల పగడపు దీవి. 1970లలో ఇరాన్ షా అక్కడ తనకో భవనం, ధనికులకు కేసినో కట్టించాడు. 1979 విప్లవం తర్వాత కేసినో పోయింది. తర్వాత సుంకం లేని సరుకుల బజార్లు వచ్చాయి. ఇరాన్ పట్టణాల నుంచి కుటుంబాలు షాపింగుకు వచ్చేవి. పడమటి తీరాన 1966లో ఇసుకలో కూరుకుపోయిన గ్రీకు ఓడ తుప్పు పట్టి నిలబడి ఉంటుంది. అందరూ దాని ముందు ఫొటో దిగేవాళ్లు. కానీ చూడముచ్చటైన చోటు కూడా, వెళ్లిపోయే తేదీ తెలియనివాడి కంటికి ఆనదు. ఆ సముద్రాన్ని నేను చాలాసేపు చూశాను. దాని రంగు ఏమిటని ఎవరైనా అడిగితే మాత్రం నమ్మకంగా చెప్పలేను.

ఆ దీవి పేరు పారశీక సాహిత్యంలోనూ ఉందని చాలా ఏళ్ల తర్వాత చదివాను. 1258లో రాసిన ‘గులిస్తాన్’లో కవి సాదీ ఒక వర్తకుడి కథ చెబుతాడు. 150 ఒంటెల సరుకున్న ఆ షావుకారు కిష్‌లో ఒక రాత్రి సాదీని తన గదికి పిలిచి తెల్లవార్లూ మాట్లాడతాడు. తనకు ఇంక ఒక్క ప్రయాణమే మిగిలిందట. పార్స్ గంధకం చైనాకు, చైనా పింగాణీ రూమ్‌కు (నేటి టర్కీ ప్రాంతం), రూమ్ పట్టు హిందూదేశానికి, హిందూదేశపు ఉక్కు అలెప్పోకు, అలెప్పో గాజు యెమెన్‌కు, యెమెన్ బట్ట మళ్లీ పార్స్‌కు చేరవేస్తాడట. ఆ తర్వాత ఒక దుకాణంలో కుదురుగా కూర్చుంటాడట.

ఆ వరుసలో ఉక్కు దగ్గర నేను ఆగిపోయాను. సాదీ వర్తకుడి ఉక్కు ఏ ఊరిదో గానీ, మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కుకు పేరు మోసిన ఊరు. 1820లలో నిజాం రాజ్యంలో తిరిగిన వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రవేత్త అక్కడి కొలుముల గురించి, ఆ ఉక్కు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడి గురించి రాసిపెట్టాడు. సరుకు కోసం పారశీకులు మన గడప తొక్కిన కాలం అది. నేను పోయేనాటికి ఆ జిల్లా మనుషులే ముద్ర కోసం వాళ్ల దీవిలో కూర్చుంటున్నారు.

నా పై మంచం ఒక ఆర్మూర్ మేస్త్రిది. గోడ కట్టడంలో చెయ్యి తిరిగినవాడు. విజిట్ మీద వచ్చి చిన్నాచితకా పనులు చేస్తూ, ఒక కాంట్రాక్టర్ ఇస్తానన్న వీసా కోసం చూస్తున్నాడు. రాత్రి దీపాలు తీసేశాక పైనుంచి మాట వినిపించేది.

“తమ్మీ, పన్నవా?”

“లేదన్నా.”

“ఇదొక్కసారే. కంపెనీ వీసా అచ్చినంక రెండేండ్లు గట్టిగ కష్టపడ్డనంటే అప్పు తెగుతది. ఇగ ఊర్లెనే ఉంట. ఎకురం పొలముంది, పసుపు ఏసుకుంట.”

సాదీ వర్తకుడికి 150 ఒంటెలు ఉన్నాయి, మా మేస్త్రికి అరువు సూట్‌కేసు ఒకటి ఉంది. ఇద్దరి మాటా ఒకటే. వర్తకుడిది దురాశ అని సాదీ తేల్చేశాడు. మేస్త్రిని ఆ మాట అనలేం. ఏజెంటుకు కట్టడానికి అతను 60 వేలు తెచ్చాడు, నూటికి రెండు రూపాయల మిత్తి. అంటే పని ఉన్నా లేకపోయినా నెలకు 1,200 రూపాయలు పెరిగిపోతున్నాయి.

ఎగ్జిట్ ముద్ర పడి, మళ్లీ ఎంట్రీ ముద్ర పడగానే పాస్‌పోర్టు లెక్క పలక తుడిచినట్టు మొదటికి వస్తుంది. చట్టం దృష్టిలో నువ్వు నిన్న దిగిన పర్యాటకుడివి. అంతకుముందు ఆ ఊళ్లో గడిపిన కాలం, తెలిసిన సందులు, అరువు పెట్టే కిరాణా కొట్టు ఏవీ లెక్కలోకి రావు. కానీ ఆర్మూర్‌లో షావుకారు నోటు మీద రాసిన తేదీని ఏ ముద్రా తుడవదు. కిష్‌లో ఖాళీగా కూర్చున్న రోజులకూ మిత్తి నడుస్తుంది. ఈ రెండు లెక్కల మధ్య మనిషిని నిలబెట్టి ఉంచడమే చేంజ్ చేసే పని.

2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి షార్జాకు వస్తున్న కిష్ ఎయిర్ ఫాకర్ 50 విమానం దిగబోతూ రన్‌వేకు కొద్ది దూరంలో కూలిపోయింది. 46 మందిలో 43 మంది చనిపోయారు. నేల మీద మాత్రమే వాడవలసిన స్థితిలోకి పంఖాలు గాల్లోనే వెళ్లిపోవడం కారణమని విచారణలో తేలింది. చనిపోయినవాళ్లలో ఇరానీలతో పాటు మన దేశం వాళ్లూ ఉన్నారు, ఇంకా ఎన్నో దేశాల వాళ్లున్నారు. చాలామంది వీసా మార్చుకుని తిరిగి వస్తున్నవాళ్లే. వాళ్లకు కిష్‌లో వ్యాపారం లేదు, చుట్టాలు లేరు. ఉన్న ఊళ్లోనే ఉండటానికి అనుమతి కావాలి, అంతే. ఆ వారమంతా మా గదుల్లో ఆ మాటే. మరుసటి వారం గడువు తీరేవాడు మాత్రం టికెట్ కొనుక్కోవడానికి పోయాడు.

అన్ని దేశాల చట్టాలూ ఇంత తేలిగ్గా మరిచిపోవు. యూరప్‌లో షెంగెన్ దేశాలు ఏ 180 రోజులు తీసుకున్నా 90 రోజులే ఉండనిస్తాయి. బయటికి పోయి వచ్చినా వెనకటి రోజులు లెక్కలోనే ఉంటాయి. థాయ్‌లాండ్‌లో సరిహద్దు దాటి వెంటనే వెనక్కి రావడం ఒకప్పుడు నిత్యకృత్యం. 2016 చివర నుంచి వీసా లేకుండా భూమార్గంలో వచ్చేవాళ్లకు క్యాలెండర్ ఏడాదికి రెండుసార్లే అని పరిమితి పెట్టారు. అమెరికాలో మన అమ్మానాన్నలకు ఆరు నెలల గడువు దగ్గర పడినప్పుడు, కెనడా వైపు నయాగరా చూపించి తీసుకొస్తే ఇంకో ఆరు నెలలు వస్తాయని కొడుకులు అనుకుంటుంటారు. కానీ కెనడాకో మెక్సికోకో పోయి 30 రోజుల్లోపు తిరిగి వచ్చినవాళ్లకు సాధారణంగా పాత ఐ-94 (ప్రవేశ పత్రం) గడువే కొనసాగుతుంది. పొడిగింపు కావాలంటే గడువు తీరకముందే ఐ-539 దరఖాస్తు పెట్టుకోవాలి. మన దేశమూ ఈ దారి మూయాలని చూసింది. ముంబై దాడుల కోసం పదేపదే వచ్చి పోయి రెక్కీ చేసిన హెడ్లీ వ్యవహారం బయటపడ్డాక 2009 చివర్లో, పర్యాటక వీసా మీద వచ్చి వెళ్లినవాళ్లు మళ్లీ రావడానికి రెండు నెలల ఎడం ఉండాలన్నారు. 2012లో చాలా దేశాల వాళ్లకు దాన్ని ఎత్తేశారు.

ఎమిరేట్స్‌లోనూ నిబంధనలు అటూ ఇటూ ఊగాయి. 2018 అక్టోబరులో, దేశం దాటకుండానే విజిట్ వీసాను 30 రోజుల చొప్పున రెండుసార్లు పొడిగించుకోవచ్చన్నారు. 2022 డిసెంబరు వచ్చేసరికి షార్జా, అబుదాబీల్లో మళ్లీ బయటికి పోయి రమ్మన్నారు. వెంటనే ఒమన్ బస్సులు, ఒక విమానాశ్రయంలో దిగి అక్కడి నుంచే వెనక్కి వచ్చే ప్యాకేజీలు జోరందుకున్నాయి. గడువు దాటి ఉంటే రోజుకు 50 దిర్హాముల జరిమానా. అది కట్టలేక, చేంజ్‌కు పోలేక కల్లివెల్లి అయినవాళ్లు, అంటే కాగితాలు లేకుండా మిగిలిపోయినవాళ్లు, ఎప్పుడో వచ్చే క్షమాభిక్ష కోసం తలదాచుకుని ఎదురుచూస్తారు. 2018లో ఒకటి వచ్చింది, 2024లో ఇంకొకటి.

పొడిగింపు రుసుము కట్టించుకుని అక్కడే ముద్ర వేస్తే పోయేదానికి ఈ తిరుగుడంతా ఎందుకని నేను చాలాకాలం అనుకునేవాణ్ని. రాజ్యం వైపు నుంచి చూస్తే ఒక కారణం కనిపిస్తుంది. ఉద్యోగం దొరకనివాణ్ని ఒకసారి గడప దాటిస్తే, అటునుంచి అటే ఇంటికి పోయే అవకాశం ఉంటుంది. చేతిలో డబ్బున్నవాడికి అది నిజంగా అవకాశమే. కిష్ నుంచే ఇంటిదారి పట్టినవాళ్లు కొందరున్నారు, వాళ్లందరూ అప్పు లేనివాళ్లు. అప్పున్నవాడికి వెనక్కి పోయే దారి దుబాయిలో కాదు, ఊళ్లో నోటు రాసిన రోజే మూసుకుపోయింది. అందుకే ఈ కథకు మందు ఇమిగ్రేషన్ కౌంటర్ దగ్గర లేదు, ఊళ్లో ఏజెంటు ఇంటి అరుగు మీద ఉంది.

పదో తరగతి పాస్ కానివాళ్లకు మన ప్రభుత్వం ఇచ్చే పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కిందికి వస్తుంది. 1983 వలసల చట్టం ప్రకారం వాళ్లు గల్ఫ్‌లో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి కావాలి. దానికి ఉద్యోగ వీసా, ఒప్పంద పత్రం చూపించాలి. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా కూడా తీసుకోవాలి. విజిట్ వీసా మీద పంపిస్తే ఏజెంటుకు ఈ బాధ ఏదీ ఉండదు. పోయినవాడికి ఒప్పందమూ ఉండదు, బీమా ఉండదు. జీతం ఎగ్గొడితే చూపించడానికి కాగితమూ ఉండదు.

కాబట్టి “ముందైతే విజిట్ మీద పో, అక్కడ చేంజ్ చేయిస్త” అని ఏజెంటు అన్నప్పుడు అడగవలసినవి మూడు. చేంజ్ టికెట్ ఎవరు కొంటారు? బయట కూర్చున్న రోజుల తిండి, గది ఖర్చు ఎవరిది? ఆ రోజులకు షావుకారుకు పోయే మిత్తి ఎవరు కడతారు? మూడింటికీ జవాబు కాగితం మీద రాసి సంతకం పెట్టనివాడికి పాస్‌పోర్టు ఇవ్వకండి. ఆ కాగితం అడిగితే ఉద్యోగం చేజారుతుందని భయపడేవాళ్లుంటారు. అడగ్గానే చేజారేది ఉద్యోగం కాదు, ఏజెంటు కమీషన్.