హద్దుల వివరం: మెట్ట కృష్ణా పట్టణాలు, తెలుగు నవలలో భూమి

తెలుగు విమర్శలో పొలం గురించి జరిగినంత చర్చ ఇంటిస్థలం గురించి జరగలేదు. పొలానికి కథావస్తువుగా గౌరవం దక్కింది. ప్లాటు, ఫ్లాటు మాత్రం పత్రికల ప్రకటన పుటలకే పరిమితమయ్యాయి. (వాడుకలో ఈ రెండు మాటలూ తరచు ఒకటిగానే పలుకుతాయి, నేల మీదిది ఏదో, నేల విడిచినది ఏదో సందర్భాన్ని బట్టి గ్రహించవలసిందే.) విజయవాడ–హైదరాబాద్ రహదారి మీది నందిగామ, జగ్గయ్యపేటలను సాహిత్యం ద్వారా అర్థం చేసుకోబోతే ఈ లోటు తెలుస్తుంది. నల్లరేగడిలో పత్తి, మిరప, సాగర్ ఎడమకాలువ చివరి ఆయకట్టు, సుబాబుల్ తోటలు, సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు ఈ మెట్ట ప్రాంతపు ఆర్థిక చిత్రం. 2014 తరువాత కృష్ణకు ఆవలి ఒడ్డున అమరావతి రాజధానిగా నిర్ణయమైంది. 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఎన్టీఆర్ జిల్లాలో నందిగామ రెవెన్యూ డివిజన్ కేంద్రమైంది. రహదారి పక్క చేలల్లో హద్దురాళ్లు పాతుకొన్నాయి, పట్టణాలలో అంతస్తులు లేచాయి. ఈ మార్పును చదవడానికి తెలుగు నవల అందించిన నమూనా సరిపోదు. ఆ నమూనాలో భూమి కథ అమ్మకం దగ్గర ముగిసిపోవడమే దానికి కారణం.

ఊరు పట్టణంగా మారడాన్ని విస్తృతంగా చిత్రించిన తొలి నవలల్లో ‘వేయిపడగలు’ (1934) ప్రధానమైనది. విశ్వనాథ దృష్టిలో సుబ్బన్నపేటకు కొత్త వెలుగులు రావడం, పాత వ్యవస్థలు ఒక్కొక్కటిగా జారిపోవడం వేరువేరు సంఘటనలు కావు. ఆ దుఃఖంలో నిజాయితీ ఉంది. అయితే ‘పేట’ అన్న మాటను విమర్శకులు తగినంత పట్టించుకోలేదు. పేట అంటే అంగళ్లతో, వర్తకంతో ముడిపడిన నివాసం. చాలాచోట్ల ఒక ప్రభువు సంకల్పంతో ఏర్పడింది. జగ్గయ్యపేటే ఇందుకు సాక్ష్యం. బేతవోలుకు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన తండ్రి జగ్గయ్య పేరు పెట్టాడు. చింతపల్లి నుంచి తన రాజధానిని అమరావతికి మార్చినదీ ఆయనే. 1790లలో ఆ కొత్త పట్టణపు కట్టడాలకు స్తూపపు ఇటుకలు, రాళ్లు తవ్వుకొనిపోతున్న సమయంలోనే, 1797లో, కాలిన్ మెకంజీ అక్కడికి వచ్చాడు. అంటే ఈ ప్రాంతంలో పట్టణనిర్మాణం, పేరుమార్పు, రాజధాని తరలింపు కొత్త విషయాలు కావు. పేటను సనాతనమైనదిగా, నగరాన్ని చొరబాటుగా చూసే పఠనం ఈ చరిత్ర ముందు నిలవదు.

వాసిరెడ్డి సీతాదేవి ‘మట్టిమనిషి’ విషయం ఇంకొంత జటిలం. సాంబయ్య కూడబెట్టిన భూమి కొడుకు వెంకటపతి, కోడలు వరూధినిల పట్నవాసంలో, రామనాథబాబు సాహచర్యంలో కరిగిపోతుంది. చివరకు మనవడితో కలిసి సాంబయ్య మళ్లీ మట్టివైపే తిరుగుతాడు. మట్టిపై మమకారానికి ప్రతీకగా ఈ నవలను చదవడం పరిపాటి. కాని సాంబయ్యకు ఆ భూమి ఎలా వచ్చింది? చితికిపోతున్న పెద్దకుటుంబాలు వదులుకొన్న చెక్కలే అతని ఆస్తి. పట్నం తగలకముందే ఆ పల్లెలో భూమి సరుకు. నవల ఈ సంగతిని దాచలేదు, దాచింది విమర్శే. ఒకరి అమ్మకం విషాదమైతే మరొకరి కొనుగోలు కృషిగా కనిపించడానికి కారణం కథ ఎవరి వెంట నడుస్తున్నదన్నదే.

అమ్మకం తరువాతి కథను ఇప్పటికి చెబుతున్నది సాహిత్యం కాదు, దస్తావేజు. దానిని కూడా ఒక పాఠంగా చదవవచ్చు. పొలం విక్రయ దస్తావేజులో హద్దుల వివరం దాదాపు ఊరి జాబితా వంటిది: తూర్పున ఫలానావారి భూమి, దక్షిణాన డొంక, పడమర పంటకాలువ, ఉత్తరాన మరొకరి చేను. ఇరుగుపొరుగుల పేర్లు లేకుండా పొలానికి ఉనికి లేదు. గట్టు తగాదాలకు కూడా ఆ పేర్లే మూలం. ఫ్లాటు దస్తావేజులోనూ నాలుగు దిక్కులుంటాయి. అక్కడ హద్దులు సాధారణంగా ఆకాశానికి తెరచిన స్థలం, నడవ, మెట్లు, లిఫ్టు. పక్కవారు ఉంటే ఒక సంఖ్యగా ఉంటారు. కొన్నవారికి నేల మీద దక్కేది ‘విభజించని వాటా’. 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఉమ్మడి స్థలాలలో వాటాను ఫ్లాటు నుంచి విడదీయరానిదిగా గుర్తించింది. ఉమ్మడి కుటుంబాల పంపకాలతో నిండిన కోస్తా కథాసాహిత్యానికి ఇది వింతైన తిరుగుబాటు. అన్నదమ్ములు పంచుకొన్న నేల మీద, పరిచయం లేనివారు పంచుకోలేని వాటాలతో చేరుతున్నారు. ఈ పరిస్థితిలోని నాటకీయత పాలివారి తగాదాకు తీసిపోదు.

కొలతల్లోనూ ఇదే కథ. అమరావతిలో 29 గ్రామాల రైతులు 33,000కు పైగా ఎకరాలు సమీకరణకు ఇచ్చారు. ఎకరం మెట్టకు ప్రతిగా వాగ్దానమైనవి 1,000 గజాల నివాసస్థలం, 250 గజాల వాణిజ్యస్థలం. ఎకరాలు ఇచ్చినవారు గజాలు లెక్కించుకోవలసి వచ్చింది. ఫ్లాటుకు వచ్చేసరికి లెక్క చదరపు అడుగుల్లోకి దిగింది. కొలత చిన్నదవుతున్నకొద్దీ ధర పెద్దదవడం, ‘సెంటు’ వంటి మాట పేదల ఇంటిస్థలాల సందర్భంలోనూ వినిపించడం భాషాపరిశోధకులు పరిశీలించదగిన అంశాలు. సమీకరణలో భూమిలేని కుటుంబాలకు నెలకు 2,500 రూపాయల పింఛను నిర్ణయించారు. వారి పేర్లు ఏ హద్దులోనూ లేవు. కౌలురైతు పేరు ఏ అమ్మకపు కాగితంలోనూ కనిపించదు. ‘మట్టిమనిషి’ సంప్రదాయంలోనూ అతనిది నేపథ్యపాత్రే.

జనాభా పెరుగుదల చర్చ కూడా ఇక్కడే ఆగుతున్నది. 2011 జనగణన ప్రకారం జగ్గయ్యపేట జనాభా 53,530, నందిగామ 44,359. 2021లో జరగవలసిన గణన ఆ ఏడాది జరగలేదు. ఆ ఖాళీలో పట్టణ విస్తరణకు కథకులైనవి స్థిరాస్తి కరపత్రాలు. వాటి వాక్యాలన్నీ భవిష్యత్కాలంలో, కర్త లేకుండా నడుస్తాయి: వస్తుంది, పెరుగుతుంది, మారిపోతుంది. జనగణన పద్ధతి ఇందుకు భిన్నం. అది నివసించేవారిని లెక్కిస్తుంది; స్వంతదారా, అద్దెదారా అన్నది ఆ తరువాతి ప్రశ్న. పొలం అమ్మి పిల్లల చదువు కోసం రెండో అంతస్తులో చేరిన రైతు, అద్దెకు దిగిన ఉపాధ్యాయిని, వాహనాలు నిలిపేచోట ఒక గదిలో కాపురముంటూ మోటారు వేసి మెట్లు కడిగే వాచ్‌మన్ కుటుంబం గణకుడి పుటలో వరుసగా పడతారు. వారిలో విభజించని వాటా ఉన్నది ఒక్కరికే. కౌలుచేను నుంచి ఆ మెట్లకింది గదికి వచ్చిన కుటుంబం వెంట నడిచే నవల వస్తే, దానిని భూమి నవలగా గుర్తించడానికి విమర్శ తన పారిభాషిక పదాలను మార్చుకోవలసి ఉంటుంది.