గడువు ఎవరు ఇచ్చారు? : పనుల ప్రణాళిక సాఫ్ట్‌వేర్లలో తేదీ

తెలుగులో గడువు అనే మాటకు ఇద్దరు మనుషులు కావాలి. ఇచ్చేవారొకరు, కోరేవారొకరు. గడువు ఇచ్చారు, పొడిగించారు, గడువు తీరింది అంటాం. నాకు నేనే గడువు పెట్టుకున్నాను అనడమూ ఉంది. అయితే అక్కడ ‘కొను’ చేరక తప్పదు. పనుల ప్రణాళిక సాఫ్ట్‌వేర్లలో చాలావాటికి ఈ వివేకం లేదు. పని పక్కన ఒకే తేదీ గడి ఉంటుంది. అందులో ఏది రాసినా, ఆ రోజు దాటగానే ఎరుపెక్కుతుంది.

పరిశోధక విద్యార్థి జాబితానే చూద్దాం. యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి.కి గరిష్ఠ కాలం ప్రవేశం నుంచి 6 ఏళ్లు; పునర్నమోదుతో మరో 2 ఏళ్లు పొడిగించవచ్చు. ఇది గడువు. మూడో అధ్యాయం చిత్తుప్రతిని శుక్రవారానికి ముగించాలనుకోవడం సంకల్పం. రెండూ ఒకే ఎరుపులో కనిపించినప్పుడు విద్యార్థి నేర్చుకునేది ఎరుపును పట్టించుకోకపోవడమే. నిజమైన గడువు వచ్చేనాటికి ఆ రంగుకు విలువ ఉండదు.

ఈ భేదాన్ని గుర్తించిన సాధనాలు లేకపోలేదు. 2003లో కార్‌స్టెన్ డొమినిక్ ప్రారంభించిన ఆర్గ్‌మోడ్‌లో పని మొదలుపెట్టదలచిన రోజు వేరు, ముగియవలసిన రోజు వేరు. మొదటిది దాటితే పని చేసేవరకు నేటి పట్టికలోకి వస్తూనే ఉంటుంది. రెండోది, మనం మార్చకపోతే, 14 రోజుల ముందే హెచ్చరిస్తుంది. థింగ్స్ అనే అనువర్తనం కూడా ‘ఎప్పుడు’ అనే తేదీని గడువు నుంచి విడదీసింది. అనుకున్న రోజు తప్పినవారిని అది నిందించదు. ఈ మర్యాద చిన్నది కాదు.

సొంత గడువులూ పనిచేస్తాయి కదా అన్న ఆక్షేపణకు సాధారణంగా ఏరియలీ, వెర్టెన్‌బ్రోక్‌ల 2002 నాటి అధ్యయనాన్ని చూపుతారు. అందులో ఒక తరగతి విద్యార్థులు మూడు వ్యాసాల తేదీలను తామే ఎంచుకున్నారు. వారికన్నా, అధ్యాపకుడు సమాన వ్యవధులతో తేదీలు నిర్ణయించిన తరగతికి మంచి మార్కులు వచ్చాయి. ఆ అధ్యయనంలో నాకు ముఖ్యంగా తోచేది మరొకటి. ఎంచుకున్న తేదీని ముందే అధ్యాపకుడికి రాసివ్వాలి, తర్వాత మార్చుకోరాదు, ఆలస్యమైన ప్రతి రోజుకూ మార్కుల్లో 1 శాతం కోత. అంటే సంకల్పం మరొకరి చేతికి వెళ్లాకే గడువైంది. ఫోన్‌లో ఒంటరిగా రాసుకున్న తేదీకి ఆ రెండో మనిషి లేడు. వేలితో జరిపితే అది రేపటికి జరుగుతుంది.

అందువల్ల తేదీని రెండుగా చీల్చడం అవసరమే గాని, చాలదు. పైన చెప్పిన రెండు సాధనాలూ గడువు ఎప్పుడో అడుగుతాయి, ఎవరిచ్చారో అడగవు. విచిత్రమేమిటంటే, 2009 నాటి ఐకాలెండర్ ప్రమాణంలో పనికి నిర్వాహకుణ్ణి పేర్కొనే వీలుంది. వ్యక్తిగత జాబితాల్లో మాత్రం ఆ గడి సాధారణంగా కనిపించదు. అది కనిపిస్తే, శుక్రవారం పక్కన విద్యార్థి తన పేరే రాసుకోవలసి వస్తుంది. ఆరేళ్ల పక్కన విశ్వవిద్యాలయం పేరు.