పచ్చదోమ కుట్టిన టీ

డార్జీలింగ్ చౌరస్తా పక్కన టీ గదిలో కూర్చుని మెనూ కార్డు తెరిస్తే ముందు కంగారు పుడుతుంది. హైదరాబాద్ ఇరానీ హోటల్లో టీ అంటే టీయే, మహా అయితే పౌనా. ఇక్కడ వైట్, గ్రీన్, ఊలాంగ్, బ్లాక్ అని వర్గాలు, వాటి కింద తోటల పేర్లు, పేర్ల పక్కన నెలలు. చివర్లో చామంతి, మందార కూడా ఉన్నాయి గానీ అవి కషాయాలు, టీ మొక్కతో వాటికి చుట్టరికం లేదు. మిగతావన్నీ ఒకే జాతి మొక్క ఆకులే. ఎంత వాడబెట్టారు, ఎంత నలిపారు, నలిపాక గాలికి ఎంత రంగు తిరగనిచ్చారు అన్నదాంట్లోనే తేడా అంతా ఉంది.

కార్డులో నేను ముందు వెతికేది నెల. మార్చి, ఏప్రిల్ కోతను ఫస్ట్ ఫ్లష్ అంటారు. పేరుకు బ్లాక్ టీయే, కప్పులో మాత్రం లేత పసుపు, కాస్త పూలవాసన. గొప్పలన్నీ దాని గురించే, ధరా దానిదే. వానాకాలపు ఆకు చప్పన, దాన్ని ఎవరూ పేరు పెట్టి అడగరు. అక్టోబరు, నవంబరు కోత నిదానంగా, కమ్మగా ఉంటుంది. నా ఓటు మే, జూన్ నెలల సెకండ్ ఫ్లష్‌కు. రాగి రంగు, ముగ్గిన ద్రాక్ష వాసన. ఆ గుణాన్ని మస్కటెల్ అంటారు.

ఆ వాసన వెనక పురుగులున్నాయి. మన పత్తి రైతు పచ్చదోమ అని తిట్టుకునేదాని జాతివీ, గుంటూరు మిర్చి రైతును ఏడిపించే తామర పురుగు జాతివీ ఆ నెలల్లో టీ చిగుళ్ల రసం పీలుస్తాయి. గాయపడిన ఆకు ఆత్మరక్షణకు కొన్ని సువాసన ద్రవ్యాలు తయారుచేసుకుంటుంది. మస్కటెల్‌లో వాటి వాటా పెద్దది. తైవాన్‌లో ఓరియంటల్ బ్యూటీ అనే ఊలాంగ్ కోసం రైతులు మందు కొట్టకుండా పచ్చదోమ కోసం ఎదురుచూస్తారు. ఈ మాట మా పల్నాడు వైపు ఏ పత్తి చేలోనైనా చెప్పి చూడండి, మనిషికి మతి చలించిందనుకుంటారు.

ఇక కాచడం. నిజానికి అక్కడ కాచరు. కుండలో ఆకు వేసి, కాగిన నీళ్లు పోసి, పక్కన ఇసుక గడియారం తిరగేసి పెడతారు. మూడు నిమిషాలు కాగానే ఆకు తీసేస్తారు. ఇంకో రెండు నిమిషాలు ఉంచితే ద్రాక్ష పోయి వగరు మిగులుతుంది. డార్జీలింగ్ ఎత్తు దాదాపు 6,700 అడుగులు, అక్కడ నీళ్లు 93 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంట్లో చేసుకునేవాళ్లు పొయ్యి కట్టేశాక ఒక్క నిమిషం ఆగి పోయాలి.

అలాగని మన మరిగించే అలవాటును వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ ఉంది. మన డబ్బాల్లో ఉండేది సీటీసీ, 1930ల్లో అస్సాంలో పుట్టిన యంత్రం ఆకును చీల్చి, నలిపి చుట్టిన గుళికలు. అవి పాలను తట్టుకునే టీ, మరిగితేనే వాటి బలం దిగుతుంది. వాటికి ఇసుక గడియారం పెట్టడం ఎంత వృథాయో, సెకండ్ ఫ్లష్‌లో పాలు, అల్లం వేయడం అంత వృథా. ఆ గదిలో పాలు అడిగితే ఇస్తారు, కాదనరు. ఇచ్చేటప్పుడు ముఖం మాత్రం చూడకండి.

వచ్చేటప్పుడు పొట్లం కొనాలనుకుంటే తోట పేరు, కోత, సంవత్సరం అడగండి. మన దేశంలో భౌగోళిక గుర్తింపు దక్కిన మొదటి సరుకు 2004లో ఈ టీయే, ఆ పేరు వాడుకునే హక్కు 87 తోటలకే ఇచ్చారు. ఈ మూడు వివరాలూ లేని పొట్లం మీద డార్జీలింగ్ అని ఎంత పెద్ద అక్షరాలున్నా నేను కొనను.