వేడి కుండ మీద గుర్రపు వెంట్రుక

అమెరికా నైరుతి మూలన, న్యూమెక్సికో, అరిజోనా రాష్ట్రాల్లో కళావస్తువులమ్మే అంగళ్లలో మీగడ రంగు కుండలు కొన్ని కనిపిస్తాయి. వాటి ఒంటి నిండా సన్నని నల్లగీతలు. దగ్గరికి తీసుకుని చూస్తే అవి కుంచె గీసినవి కావని తెలిసిపోతుంది. కుంచె ఎటు పోవాలో చెయ్యి ముందే అనుకుంటుంది. ఈ గీత కొంత దూరం తిన్నగా పోయి, ఉన్నట్టుండి మెలి తిరిగి, ఒకచోట తెగి, పక్కనే మళ్లీ అందుకుని, చివర ముడుచుకుని ఆగుతుంది. దానికి రెండు పక్కలా పలచని బూడిద రంగు నీడ. కుండ మండుతున్న వేడిలో ఉండగా దాని మీద వాలిన గుర్రపు వెంట్రుక కాలిపోతూ వదిలిన గుర్తు అది.

న్యూమెక్సికోలోని ఆకోమా ఊళ్లో ఒక కుమ్మరి ఆడమనిషి ఆవం నుంచి కుండ తీస్తుంటే, గాలికి ఆమె పొడవాటి జుట్టు ఎగిరి కుండకు తగిలిందనీ, ఈ విద్య అలా పుట్టిందనీ అక్కడ ఒక కథ చెప్పుకుంటారు. జరిగిందో లేదో గానీ, పనిలోని కీలకం ఆ కథలోనే ఉంది. వెంట్రుక పడే క్షణానికి కుండ తగిన వేడిలో ఉండాలి. ఆ ఒక్క క్షణం కోసం కుమ్మరి మట్టిని ఎంచుకునే దగ్గర నుంచే సిద్ధపడుతూ వస్తాడు.

ఈ కుండ మెరుస్తుంది, కానీ దాని మీద గ్లేజు లేదు. గ్లేజు అంటే కుండ మీద కరిగి పరుచుకున్న గాజు పొర. అది మట్టిలోని సన్న రంధ్రాలన్నిటినీ మూసేస్తుంది. ఊరగాయ జాడీలో నూనె బయటికి ఊరకపోవడం దాని చలవే. వేసవిలో మన మట్టికుండలో నీళ్లు చల్లబడటానికి కారణం సరిగ్గా దీనికి తిరగేసి ఉంటుంది: గ్లేజు లేని గోడలోంచి నీరు చెమర్చి ఆవిరవుతుంది, ఆవిరవుతూ వేడిని తీసుకుపోతుంది. గుర్రపు వెంట్రుకకు కావలసింది ఈ తెరిచి ఉన్న మట్టే. కాలిన వెంట్రుకలోని కర్బనం ఆ రంధ్రాల్లోకి దిగితేనే గీత నిలుస్తుంది. గాజు మీద పడితే మసిగా ఉండి తుడిస్తే పోతుంది. అంటే కుండ అద్దంలా నునుపుగా ఉండాలి, రంధ్రాలు మాత్రం మూసుకుపోకూడదు. ఈ రెండింటినీ ఒకే ఒంటి మీద నిలబెట్టడంలోనే ఈ పనితనమంతా ఉందని నా అభిప్రాయం.

మొదటి చిక్కు మట్టిలోనే వస్తుంది. సుమారు 700 డిగ్రీల సెల్సియస్ వేడిలో ఉన్న కుండను ఒక్కసారిగా బయటి గాలిలోకి తీయాలి. మట్టిలో ఉండే స్ఫటికం, అంటే క్వార్ట్జ్, 573 డిగ్రీల దగ్గర తన అమరిక మార్చుకుని ఒక్కసారిగా కుంచించుకుంటుంది. గోడలో ఒక పక్క ముందు, ఇంకో పక్క వెనక చల్లారితే ఈ కుదుపుకే కుండ పగులుతుంది. అందుకని ఇలాంటి పనికి వాడే మట్టిలో, ఒకసారి కాల్చి దంచిన మట్టిపొడిని కలుపుతారు. కుమ్మరులు గ్రోగ్ అనే ఈ పొడి అప్పటికే నిప్పు చూసినది కాబట్టి కొత్తగా కుంచించుకోదు. పగులు మొదలైనా ఈ పలుకుల దగ్గర ఆగిపోయే అవకాశం ఎక్కువ. అయితే ఈ పలుకులే నునుపుకు శత్రువులు. రాయితో రుద్దుతుంటే పైకి తేలి గీరుకుంటాయి. కుండను కాపాడేదే మెరుపును చెడగొడుతుంది.

ఆకారం కూడా నిప్పుకు తగ్గట్టే ఎంచుకుంటారు. సారె మీద తిప్పినా, మట్టి తాళ్లను చుట్టలుగా పేర్చి లేపినా, ఎక్కువగా గుండ్రని పొట్ట, ఇరుకైన మూతి ఉన్న కుండలే చేస్తారు. వెడల్పాటి పళ్లెంలో అంచులు ముందు చల్లారతాయి, నడిమి భాగం వేడిగానే ఉంటుంది, పగిలే అవకాశం ఎక్కువ. గుండ్రని పొట్ట చల్లారేటప్పటి లాగుడును చుట్టూ సమంగా పంచుకుంటుంది. గోడ మందం అడుగు నుంచి మెడ దాకా ఒకే తీరుగా ఉండాలి. మరీ పలచనైతే ఇంకో ఇబ్బంది ఉంది: వెంట్రుకలు పరిచేలోపే కుండ చల్లారిపోతుంది.

కుండ కొంత ఆరి, పట్టుకుంటే వంగకుండా, గోరు నొక్కితే మాత్రం గుర్తు పడేలా ఉన్నప్పుడు నునుపు పెట్టడం మొదలవుతుంది. ఏటి ఒడ్డున దొరికే నున్నటి గులకరాయి, లేదా చెంచా వీపు చాలు. మట్టి రేణువులు సన్నటి పలకల్లా ఉంటాయి. మామూలుగా ఎటు పడితే అటు తిరిగి ఉండే ఆ పలకలు రాయి ఒత్తిడికి ఒకదాని పక్కన ఒకటి వెల్లకిలా పడుకుంటాయి. అప్పుడు వాటి మీద పడిన వెలుతురు చెదరకుండా ఒకే వైపు తిరిగి వస్తుంది. మెరుపంటే అంతే, పైన ఏ పూతా లేదు. ఇదే న్యూమెక్సికోలో శాన్ ఇల్డెఫాన్సో ఊరికి చెందిన మరియా మార్టినెజ్ (1887–1980) తన నల్లకుండలతో ఈ రాతి మెరుపును ప్రపంచానికంతా పరిచయం చేసింది. అక్కడి ఊళ్లలో నునుపు రాళ్లు తల్లి నుంచి కూతురికి వస్తాయి. రాయి ఎన్ని కుండలు రుద్దితే అంత నున్నబడుతుంది కాబట్టి, పాతరాయి అంటే నిజంగానే మేలైన పనిముట్టు.

గ్రోగ్ ఉన్న మట్టికి మాత్రం రాయి ఒక్కటే సరిపోదు. ఇక్కడే స్టూడియో కుమ్మరులు రోమన్ల నాటి ఉపాయాన్ని అందుకున్నారు. దాని పేరు టెర్రా సిజిలాటా. తెల్లని సన్నమట్టిని ఎక్కువ నీళ్లలో కలిపి, అందులో కొద్దిగా సోడియం సిలికేట్ వేస్తారు. అది రేణువులకు ఒకే రకం విద్యుదావేశాన్నిచ్చి, ఒకదానికొకటి అంటుకోకుండా దూరంగా నెడుతుంది. ఇక కదపకుండా, సుమారు ఒక రాత్రీ పగలూ వదిలేస్తారు. బరువైన పలుకులు అడుగున బురదగా పేరుకుంటాయి. పైన నీరు తేరుకుంటుంది. నడుమ, కిందికి దిగలేనంత తేలికైన రేణువులు మాత్రమే నీళ్లలో వేలాడుతుంటాయి. సన్నని గొట్టంతో కుదుపు లేకుండా ఆ నడిమి పొరను మాత్రమే లాగుతారు. వేసిన మట్టిలో చేతికొచ్చేది కొంచెమే. చూడటానికి పలచని పాలలా ఉండే ఆ ద్రవాన్ని పూర్తిగా ఆరిన కుండ మీద మెత్తటి కుంచెతో రెండు మూడు పొరలు వేసి, తడి ఇంకిపోగానే మెత్తని గుడ్డతోనో, వేలికి చుట్టిన పలచని ప్లాస్టిక్ సంచితోనో రుద్దుతారు. గరుకు పలుకులన్నీ ఆ పొర కింద దాక్కుంటాయి, పైన అద్దం వస్తుంది. ఆ పొర కూడా మట్టే, గాజు కాదు. కాబట్టి రంధ్రాలు తెరిచే ఉంటాయి. మట్టిలో పుట్టిన చిక్కును మట్టితోనే విప్పిన ఈ తెలివి నాకు ఈ పనంతటిలోకీ ఎక్కువగా నచ్చింది.

ఇటలీలోని అరెజ్జోలో ఇలాంటి పూతతో చేసిన ఎర్రని పాత్రలు ఓడలెక్కి మన తీరానికీ వచ్చాయి. 1945లో పురావస్తు శాస్త్రవేత్త మార్టిమర్ వీలర్ పుదుచ్చేరి దగ్గర అరికమేడులో తవ్వినప్పుడు ఆ పెంకులు బయటపడ్డాయి. రెండు వేల ఏళ్లు మట్టిలో ఉన్నా అలాంటి పెంకుల నునుపు చెడిపోలేదు.

మళ్లీ మన కుండ దగ్గరికి వస్తే, పూత పెట్టి రుద్దాక తొలి కాల్పు 900 నుంచి 1000 డిగ్రీల లోపు ఆపుతారు. అంతకు మించితే రేణువుల అంచులు కరగడం మొదలై, పడుకోబెట్టిన పలకల వరస చెదిరి మెరుపు తగ్గుతుంది, రంధ్రాలూ ముడుచుకుంటాయి. మరీ తక్కువైతే కుండకు గట్టిదనం రాదు.

ఇక అసలు ఘట్టం. కాల్చి చల్లార్చిన కుండను చిన్న ఆవంలో మళ్లీ నెమ్మదిగా వేడి చేస్తారు. నీడలో చూస్తే మసక ఎరుపు కనబడే వేళకు, పొడవాటి పట్టకారుతోనో, మందపాటి చేతి తొడుగులతోనో బయటికి తీసి ఇటుక మీద నిలబెడతారు. వెంటనే వెంట్రుకలు వేయరు. ఒక్క వెంట్రుక తాకించి చూస్తారు. భగ్గున మండి గుర్తేమీ మిగలకపోతే వేడి ఎక్కువ ఉన్నట్టు. ఆ వేడిలో, గాలి తగులుతుండగా, కర్బనం కూడా మండిపోతుంది. కొన్ని క్షణాలు ఆగి మళ్లీ తాకిస్తారు. ఈసారి వెంట్రుక చిటపటమని మెలి తిరిగి, కుండను కరుచుకుని, నల్లని గీతగా మారితే వేళయినట్టే. అక్కడి నుంచి ఒకటి రెండు నిమిషాలకు మించి వ్యవధి ఉండదు. ఆ తర్వాత పడిన వెంట్రుక పూర్తిగా కాలక, గట్టి పొక్కులా అంటుకుని, తుడిస్తే ఊడిపోతుంది.

ఆ కాస్త వ్యవధిలో కుమ్మరి చేసేదంతా వెంట్రుక ఎక్కడ వాలాలో చూడటమే. తోక వెంట్రుక మోటుగా ఉంటుంది, ముదురు గీత పడుతుంది. జూలు వెంట్రుక సన్నం, చిక్కగా అల్లుకునే గీతలకు అది మంచిది. ముందే కడిగి జిడ్డు, మురికి పోగొట్టి, పొడవుల వారీగా వేరు చేసి పెట్టుకుంటారు. వెతుక్కునే తీరిక అప్పుడు దొరకదు. రెండు కొసలూ పట్టుకుని బిగుతుగా తాకిస్తే గీత తిన్నగా వస్తుంది, పైనుంచి జారవిడిస్తే మెలికలు పోతుంది. వెంట్రుక కెరాటిన్ అనే మాంసకృత్తు, అందులో గంధకం ఉంటుంది, అందుకే ఆ ఘాటైన కమురు వాసన. కాలుతున్నప్పుడు లేచిన పొగ పక్కనున్న మట్టిలోకీ కొంత ఇంకుతుంది. గీత పక్కన కనిపించే బూడిద నీడ అదే. మన తెలుగు నేల మీద బృహత్‌శిలా సమాధుల్లో దొరికే నలుపు ఎరుపు పాత్రల్లోనూ నలుపు ఇలా మట్టిలో ఇంకిన కర్బనమే. అక్కడ పాత్రలో సగం మేర పరుచుకున్నది ఇక్కడ ఒక్క వెంట్రుక వెడల్పుకు కుదించుకుంది.

ఈకలు తాకిస్తే వాటి ఈనెల అచ్చు పడుతుంది. చక్కెర చల్లితే నల్లని చుక్కలు వస్తాయి. వేడి కుండ మీద ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణం చిమ్మితే పసుపు నుంచి నారింజ దాకా ఇనుప తుప్పు రంగులు తేలుతాయి, కానీ దాని ఆవిరి ఊపిరితిత్తులకు ప్రమాదం, తగిన ముసుగు లేకుండా ఎవరూ చేయకూడదు. నాకు ఈ హంగులకన్నా తెల్లని ఖాళీ ఎక్కువ వదిలి, పది పదిహేను వెంట్రుకలతో ఆపేసిన కుండే బాగుంటుంది. గీత ఎలా కదిలిందో చూడాలంటే చుట్టూ చోటు ఉండాలి.

అంగళ్లలో చూసేవన్నీ చేత్తో లేపినవి కావు. కొందరు అచ్చులో పోసిన కుండలను కొని, వెంట్రుకలు కాల్చి, ఆపైన వాడి పనిముట్టుతో చెక్కి బొమ్మలు తేలుస్తారు. చెక్కడంలో నేర్పు ఉంటుంది, కాదనను. కానీ మట్టి నుంచి మెరుపు దాకా ఒకే చేయి నడిపిన కుండతో దాన్ని కలిపి చూడకూడదు, ధర అడిగేటప్పుడు ఈ తేడా అడిగి తెలుసుకోవాలి.

చనిపోయిన తమ గుర్రం తోక వెంట్రుకలు దాచుకుని, వాటితోనే కుండ చేయమని కుమ్మరి దగ్గరికి వచ్చేవాళ్లు అమెరికాలో ఉన్నారు. అలాంటి పనిలో కుండ పగిలితే వెంట్రుకలు తిరిగి రావు. అందుకే జాగ్రత్త తెలిసినవారు ఇచ్చినదంతా వాడేయరు, సగం పక్కన పెట్టుకుంటారు. గీతలు సరిగా కుదరకపోతే మాత్రం విరుగుడు ఉంది. కుండను మళ్లీ తొలి కాల్పు వేడికి తీసుకెళితే కర్బనమంతా మండిపోయి ఒళ్లు తెల్లబడుతుంది, మిగిలిన వెంట్రుకలతో మళ్లీ మొదలుపెట్టవచ్చు.

చల్లారాక తడిగుడ్డతో బూడిద తుడిచి, కుండ కాస్త గోరువెచ్చగా ఉండగా తేనెమైనమో, కార్నౌబా మైనమో పలచగా పట్టించి, మెత్తని గుడ్డతో రుద్దుతారు. మైనం రంధ్రాల్లోకి కొంచెం దిగి, నలుపును ఇంకా నల్లగా, మట్టిని ఇంకా వెచ్చగా చూపిస్తుంది. అయినా నీళ్లు నిలవవు, నెమ్మదిగా గోడలోంచి బయటికి ఊరతాయి. తినే వస్తువులు పెట్టడానికీ ఇది పనికిరాదు. ఎండ తగలని చోట ఉంచి, పొడిగుడ్డతో దుమ్ము తుడిస్తే చాలు. పూలు పెట్టాలనుకుంటే ఎండుపూలే పెట్టాలి.